పొలుసు

అర్‌బ్రోత్ రేవులో తెల్లారి ఆరింటికి
చేపల పొలుసు గీరడం నా పని.
చెక్కబల్ల మీద, గోళ్ళ సందుల్లో,
రబ్బరు బూట్ల మడతల్లో సన్నటి వెండి.
సాయంత్రం చొక్కా దులిపితే
రాలిందాంట్లో ఏది చేపదో ఏది నాదో
ఒక్కోరోజు నాకే తెలియదు.

మోచేతులతో మొదలైంది. తర్వాత మోకాళ్ళు,
చెవి వెనక, జుట్టు మొదట్లో.
ఎర్రటి మచ్చ, దాని మీద తెల్లటి పెళుసు,
చెమ్మ గోడకి సున్నం పెచ్చులూడినట్టు.
గీరితే అడుగునుంచి ఆవగింజలంత నెత్తురు.

"తామరే" అంది బొబ్బిలి నుంచి మా ఆడపడుచు.
కొలనులో పూసేదానికీ తొడలో పాకేదానికీ
ఒకటే పేరెట్టిన భాష మనది,
కానీ వదినా, ఇది ఆ రెండూ కాదు.
"అంటుద్దా మరి?"
అంట్లు తోముతాను. మామిడికి అంటు కట్టడం చూశాను.
ఇది మాత్రం అంటదు, మూడేళ్ళయినా నీ తమ్ముడికి అంటలేదు.
అయినా ఆయన తువ్వాలు వేరే మేకుకి మారింది.
ఎప్పుడు మారిందో నేను చూడలేదు.

వంకాయ మానేశాను. గోంగూర మానేశాను.
చేప మానేయమన్నారు, చేపల కొట్లో బతికేదాన్ని.
వేపనూనె రాస్తే మచ్చలు కదల్లేదు గానీ
బస్సులో నా పక్క సీటు ఖాళీ అయింది.
మాంట్రోజ్‌లో పంచదార గుళికలాయన గంటన్నర విన్నాడు,
కలలు అడిగాడు, చిన్నప్పటి భయాలు అడిగాడు.
మందు పనిచేయలేదు.
విన్నది మాత్రం కొంచెం పనిచేసింది.
ఇక్కడి డాక్టరమ్మ ఎనిమిది నిమిషాల్లో ఆయింట్‌మెంట్ రాసింది.
రెండు వారాలకి మచ్చలు మాయం.
ఆపిన నెలకి వడ్డీతో సహా వచ్చాయి.

చివరికి డండీ ఆసుపత్రిలో
కర్స్టీ అనే నర్సు కాగితం మీద మెట్లు గీసింది.
అడుగున పుట్టిన చర్మం పైకెక్కి రాలడానికి నెల పట్టాలి, పైడమ్మా,
నీకు నాలుగు రోజులే.
ఒంట్లో కావలివాడు లేని దొంగని చూసి ఈల వేస్తున్నాడు,
చర్మం ఉలిక్కిపడి పరుగెడుతోంది.
అంటే తొందరా? అన్నాను.
తొందరే, అంది.
ముప్పై ఆరేళ్ళలో నన్నెవరూ ఆ మాట అనలేదు,
పెళ్ళిపీటల మీదకే ఆలస్యంగా వచ్చినదాన్ని.

వారానికి మూడుసార్లు వెలుగు పెట్టె.
నిలువెత్తు దీపాల మధ్య, కళ్ళకి నల్లద్దాలతో.
మొదటిరోజు ఇరవై సెకండ్లు.
మూడున్నరకే పొద్దుగుంకే డిసెంబరులో
సర్కారు నాకు కొలిచి పోసే ఎండ,
రేషను కిరసనాయిలులా.

వరండాలో ఆలిక్, వలలు లాగిన ముసలాయన.
ఒకప్పుడు వారాల తరబడి వార్డులో ఉంచి
ఒళ్ళంతా తారు పూసి కట్లు కట్టేవారట.
"నా పడవకీ నాకూ ఒకటే పూత" అంటాడు.
ఇప్పటికీ తల దగ్గరికొస్తే తారువాసనే.
ఎదురుగా ఈలిద్, కాలేజీ పిల్ల,
రెండువారాలకోసారి కడుపులో సూది పొడుచుకుంటుంది.
పొట్టి గౌను కొనుక్కుంది మొదటిసారి.
జలుబు చేస్తే మాత్రం బెదిరిపోతుంది.
నాకూ ఆ సూది ఇవ్వమంటే
కర్స్టీ నా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే నొక్కి
ఇప్పుడే కాదు, చూద్దాం, అంది.
ఒకరి మందు మీద ఒకరం పల్లెత్తు మాట అనుకోం.
మోచేతులు మాత్రం చూసుకుంటాం,
పంట ఎలా ఉందని గట్టు మీంచి అడిగినట్టు.

నిన్న కొట్లో నాలుగేళ్ళ పిల్ల వేలు చాపింది:
"నువ్వు చేపవి అవుతున్నావా?"
వాళ్ళమ్మ మొహం కందిపోయింది.
చెయ్యి కౌంటరు మీద పెట్టాను.
అవుదామనే అనుకున్నా, డండీ వాళ్ళు అవనివ్వడం లేదు.
ముట్టుకుని చూసింది. "గరుకు" అంది.
తర్వాత హాడక్ కళ్ళు చూడ్డానికి పోయింది.

రాత్రి తువ్వాళ్ళు రెండూ ఒకే మేకుకి తగిలించాను.
ఆయన అప్పటికే నిద్రపోయాడు.
ఆరింటికి నా పని.
ఏ తువ్వాలు తడిసిందో
సాయంత్రం చూడాలి.